లివర్ క్యాన్సర్‌కి కోత లేని వైద్యం: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నా పని ఇంటర్వెన్షనల్ రేడియాలజీలో పరిశోధన. లివర్‌లో క్యాన్సర్ గడ్డ ఉన్నవాళ్లకి రక్తనాళం గుండానో, సూదితోనో చేసే వైద్యం ఎవరికి మేలు చేస్తోంది, ఎవరికి కీడు చేస్తోంది అన్నది లెక్క తేల్చడమే ఆ పని. మాది కందుకూరు వైపు. కందుకూరుని ఏ జిల్లాలో కలపాలన్నది ప్రభుత్వాల ఇష్టం గానీ, ఫోన్లు మాత్రం నెల్లూరు, ఒంగోలు రెండు వైపుల నుంచీ వస్తుంటాయి. కావలి, పొదిలి, గూడూరు, మార్కాపురం, ఎక్కడివాళ్లు చేసినా అడిగేవి దాదాపు ఇవే. మీ డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా కనిపిస్తే ఆయన్నే అడగండి. మీ స్కాన్ చూసింది ఆయన, నేను కాదు.

స్కానింగ్ చూసి రిపోర్టు రాసే డాక్టరు వైద్యం కూడా చేస్తారా?

చేస్తారు. రేడియాలజీలోనే అదొక ప్రత్యేక శాఖ. 1953లో స్వీడన్‌కి చెందిన సెల్డింగర్ సూదితో రక్తనాళంలోకి దారి చేసి, సన్నటి తీగ మీదుగా గొట్టం పంపే పద్ధతి కనిపెట్టాడు. 1964లో అమెరికాలో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, మూసుకుపోయిన కాలి రక్తనాళాన్ని అదే దారిలో వెళ్లి తెరిచాడు. అప్పటిదాకా జబ్బుని చూడటానికే వాడిన దారి ఆ రోజు నుంచి వైద్యానికీ దారి అయింది. గుండెకి యాంజియోగ్రామ్ చేయించుకున్నవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నారు. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో మొదలయ్యే ఆ దారే ఇక్కడ లివర్ వైపు మళ్లుతుంది.

మందు గడ్డకే తగులుతుందని నమ్మకం ఏంటి? మిగతా లివర్ పాడవదా?

లివర్‌కి ఒక విచిత్రమైన ఏర్పాటు ఉంది. దానికి రక్తం రెండు వైపుల నుంచి వస్తుంది. పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర దాదాపు ముప్పావు వంతు తెస్తే, గుండె వైపు నుంచి వచ్చే హెపాటిక్ ధమని మిగిలిన పావు వంతు తెస్తుంది. కానీ లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్ గడ్డ పెరిగేకొద్దీ దాదాపు పూర్తిగా ధమని మీదే బతుకుతుంది. పెన్నా కాలువ కింద సాగయ్యే పొలం మధ్యలో ఒక కలుపు దిబ్బ, తనకంటూ వేరే పిల్లకాలువ తవ్వుకున్నట్టు అనుకోండి. ఆ పిల్లకాలువలో మందు వదిలి, మూతి మూసేస్తే దిబ్బ ఎండుతుంది, పొలానికి పెద్ద కాలువ నీళ్లు అందుతూనే ఉంటాయి.

అయితే ఈ లెక్క పెద్ద కాలువ బాగున్నప్పుడే. పోర్టల్ సిర క్యాన్సర్‌తోనో రక్తం గడ్డకట్టో మూసుకుపోయి ఉంటే, ధమనిని కూడా మూయడం ప్రమాదం. అందుకే డాక్టర్లు ముందుగా ఆ సిర ఎలా ఉందో చూస్తారు.

టేస్ అంటే ఏంటి?

పైన చెప్పిన పిల్లకాలువ పని అదే. తొడ మొదట్లో మత్తు సూది వేసి, సన్నటి గొట్టాన్ని ధమనిలోంచి లివర్ దాకా, అక్కడి నుంచి ఇంకా సన్నటి మైక్రోక్యాథెటర్‌ని గడ్డకి వెళ్లే కొమ్మ దాకా తీసుకెళ్తారు. అక్కడ డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందుని లిపియోడాల్ అనే నూనెలో కలిపి వదులుతారు. ఈ లిపియోడాల్ మన వంటింట్లో ఉండే గసగసాల నూనెకి అయొడిన్ పట్టించి తయారుచేసేది. 1901లో ఫ్రాన్స్‌లో పుట్టింది. ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి మందు ఎక్కడికి చేరిందో డాక్టరుకి అక్కడికక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత చిన్న రేణువులతో రక్తప్రవాహం ఆపేస్తారు. మందు నింపిన పూసల్లాంటి రేణువులతో చేసే రకం కూడా ఉంది. మనిషి మెలకువగానే ఉంటాడు. చాలామందికి జుట్టు ఊడదు, ఎందుకంటే మందులో ఎక్కువ భాగం ఒంట్లో తిరగదు.

మరి ఆర్ఎఫ్ఏ, మైక్రోవేవ్ అంటున్నారు. అవి వేరా?

వేరే. అవి కాల్చే పద్ధతులు, ఆర్ఎఫ్ఏ రేడియో తరంగాలతో, రెండోది మైక్రోవేవ్ తరంగాలతో. అల్ట్రాసౌండ్‌లోనో సీటీలోనో చూస్తూ పొట్ట మీద నుంచి సూదిని నేరుగా గడ్డలోకి దింపి, వేడి పుట్టించి గడ్డని, దాని చుట్టూ ఐదు నుంచి పది మిల్లీమీటర్ల మంచి కండని కూడా మాడుస్తారు. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకి ఇది బాగా పనిచేస్తుంది. రెండు సెంటీమీటర్ల లోపు అయితే ఆపరేషన్‌తో సమానంగా నిలబడుతుంది. గడ్డ పెద్ద రక్తనాళం పక్కన ఉంటే ఆర్ఎఫ్ఏ వేడిని ఆ రక్తం లాగేసుకుంటుంది, అక్కడ మైక్రోవేవ్ మెరుగు. పిత్తాశయానికో పేగుకో ఆనుకుని ఉంటే రెండిటికీ కష్టమే. కొన్నిసార్లు మధ్యలో ద్రవం ఎక్కించి పేగుని పక్కకి జరిపి చేస్తారు.

ఏది మంచిది, టేసా కాల్చడమా?

చిన్నవి, తక్కువ సంఖ్యలో ఉంటే కాల్చడం. ఎక్కువ గడ్డలు, లేదా పెద్దవి, రక్తనాళాల్లోకి పాకనివి అయితే టేస్. మధ్యరకం గడ్డలకి రెండూ కలిపి చేసేవాళ్లున్నారు.

వై-90 అంటే రేడియేషన్ కదా, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

యిట్రియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న అతిసూక్ష్మ గాజు లేదా రెసిన్ రేణువుల్ని టేస్ దారిలోనే గడ్డలోకి పంపుతారు. దాని నుంచి వచ్చే కిరణాలు కండలో సగటున రెండున్నర మిల్లీమీటర్ల దూరమే పోతాయి. సగం శక్తి 64 గంటల్లోనే తగ్గిపోతుంది. కాబట్టి రోగిని గదిలో బంధించాల్సిన పని లేదు. కొన్ని రోజులపాటు చంటిపిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకోకుండా, గర్భిణుల పక్కన ఎక్కువసేపు కూర్చోకుండా ఉంటే చాలు; ఎన్ని రోజులన్నది ఆసుపత్రి చీటీ మీద రాసిస్తారు.

దీనికి ముందు ఒక రిహార్సల్ ఉంటుంది. టెక్నీషియం అనే ఇంకో రేడియోధార్మిక పదార్థం కలిపిన వేరే రేణువుల్ని పంపి, అవి ఊపిరితిత్తులకో పొట్టకో పారిపోతున్నాయా అని చూస్తారు. ఎక్కువగా పారిపోతుంటే అసలు వైద్యం చేయరు. "రెండుసార్లు గొట్టం వేసి రెండుసార్లు బిల్లు వేశారు" అని కోప్పడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి, మొదటిది లేకుండా రెండోది చేయడం నేరంతో సమానం.

ఖర్చు మాత్రం లక్షల్లో. రేణువులు ఎక్కువగా దిగుమతి అవుతాయి. ముంబయిలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) భాభాస్ఫియర్ పేరుతో దేశంలోనే గాజు రేణువులు తయారుచేసింది. అలాంటివి విరివిగా వాడకంలోకి వస్తే మన జిల్లాలవాళ్లకి ఈ వైద్యం అందే అవకాశం పెరుగుతుంది.

గడ్డ చిన్నదే అన్నారు, మళ్లీ "ఈ వైద్యం కుదరదు" అన్నారు. ఏంటీ తిరకాసు?

నాకు వచ్చే ఫోన్లలో సగం టెన్షన్ ఇక్కడే. ఇందులో తిరకాసేమీ లేదు. మిగతా క్యాన్సర్లలో ఒంట్లో ఉన్న జబ్బు ఒకటే. లివర్ క్యాన్సర్‌లో చాలామందికి రెండు జబ్బులు: ఒకటి గడ్డ, రెండోది గడ్డకి ముందే గట్టిపడిపోయిన లివర్, అంటే సిరోసిస్. గడ్డని చంపే ప్రతి వైద్యమూ మిగిలిన లివర్ మీద కొంత భారం వేస్తుంది. ఆ భారం మోసే సత్తువ లివర్‌కి లేకపోతే, గడ్డ చచ్చినా మనిషి పొట్టలో నీళ్లతో, కామెర్లతో పడిపోతాడు. స్కాన్‌లో వైద్యం విజయం, ఇంట్లో మాత్రం మనిషి లేడు. అలాంటి విజయం ఎవరికి కావాలి?

అందుకే డాక్టర్లు ఐదు సంగతులు చూస్తారు: కామెర్లని చూపే బిలిరుబిన్, లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్, రక్తం గడ్డకట్టే ఐఎన్ఆర్, పొట్టలో నీరు, మెదడు మీద ప్రభావం. పగలంతా మగతగా పడుకుని రాత్రి మేలుకోవడం, మాట తడబడటం ఈ చివరిదానికి గుర్తులు. ఈ ఐదిటినీ కలిపి చైల్డ్-ప్యూ అని ఎ, బి, సి తరగతులు వేస్తారు. ఎ అయితే దాదాపు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. బి అయితే ఆచితూచి. సి అయితే టేస్ సాధారణంగా చేయరు. 1999 నుంచి వాడుకలో ఉన్న బార్సిలోనా పద్ధతి కూడా గడ్డ సైజు, లివర్ సత్తువ, మనిషి తన పని తాను చేసుకుంటున్నాడా లేదా, ఈ మూడిటినీ కలిపే దశ నిర్ణయిస్తుంది.

"కుదరదు" అన్న డాక్టరుని వదిలేసి, "చేసేద్దాం రండి" అన్న చోటికి పరిగెత్తేవాళ్లని చూస్తుంటాను. కుదరదని చెప్పడానికి ఎక్కువ ధైర్యం కావాలి. రెండో అభిప్రాయం తీసుకోండి, తప్పు లేదు. కానీ రెండో డాక్టరుని "మీరు చేస్తారా" అని కాదు, "మా నాయన లివర్ దీన్ని తట్టుకుంటుందా" అని అడగండి. జవాబులో తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో మాట. ఈ రోజు కుదరనిది ఎప్పటికీ కుదరదని కాదు. మద్యం పూర్తిగా మానేసి, హెపటైటిస్ బి కి మాత్రలు వేసుకుని, కొన్ని నెలల్లో సి తరగతి నుంచి బి తరగతికి వచ్చినవాళ్లున్నారు.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందంటారు. బయాప్సీ చేయించాలా?

ఈ భయం పూర్తిగా గాలి కబురు కాదు, అలాగని ఊళ్లో చెప్పుకునేంత పెద్దదీ కాదు. లివర్ గడ్డలకి చేసిన బయాప్సీల (సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సూది దారిలో క్యాన్సర్ కణాలు నాటుకున్నది వందలో ముగ్గురికి లోపే, 2.7 శాతం. పైగా చాలామందికి బయాప్సీ అవసరమే పడదు. సిరోసిస్ ఉన్న మనిషికి రక్తంలోకి డై అనే మందు ఎక్కించి వెంటవెంటనే మూడుసార్లు తీసే మూడు దశల సీటీలోనో ఎంఆర్ఐలోనో గడ్డ మొదట మెరిసి, తర్వాత చుట్టుపక్కల కంటే చీకటిగా మారితే, ఆ తీరు చూసే లివర్ క్యాన్సర్ అని నిర్ధారిస్తారు. సూది లేకుండా ఖాయం చేయగలిగే క్యాన్సర్లు చాలా తక్కువ. బొమ్మ సందేహంగా ఉన్నప్పుడు, లేదా సిరోసిస్ లేనివాళ్లలో మాత్రం బయాప్సీ చేయక తప్పదు.

మా నాయన జన్మలో చుక్క ముట్టలేదు. ఆయనకెందుకొచ్చింది?

సారా అంటే లివర్, లివర్ అంటే సారా అన్న ముద్ర మనవైపు బలంగా ఉంది. ఉండక ఏం చేస్తుంది! 1990ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమం రగిలింది నెల్లూరు జిల్లా దూబగుంటలోనే, రోసమ్మలాంటి ఆడవాళ్ల చేతుల మీదుగానే. మద్యం పెద్ద కారణమే. కానీ అదొక్కటే కాదు.

హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా లివర్‌లో ఉంటాయి. హెపటైటిస్ బి అయితే సిరోసిస్ రాకుండానే నేరుగా క్యాన్సర్ తేగలదు. ఇక షుగరు, బొజ్జ ఉన్నవాళ్లలో లివర్‌కి కొవ్వు పట్టి అదీ సిరోసిస్ దాకా పోతుంది; ఈ రకం ఏటేటా పెరుగుతోంది. నాలుగోది బూజు. తేమలో నిల్వ ఉన్న వేరుశెనక్కాయల మీద, మొక్కజొన్న మీద పెరిగే ఒక బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. మనవైపు వేరుశెనగ పండించే ఇళ్లలో మంచి గింజలు అమ్మకానికి పోతే, నల్లబడినవి, ముడతలు పడినవి ఇంటి చట్నీకి మిగులుతాయి. అవి పారేయండి. పశువులకీ వేయొద్దు.

కామెర్లకి పసరు పోయించాం. తగ్గకపోతే అప్పుడు ఆసుపత్రికి వెళ్దామనుకుంటున్నాం.

వద్దు. హెపటైటిస్ ఎ లాంటి కామెర్లు పసరు పోసినా పోయకపోయినా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరుకి పేరొచ్చింది వాటివల్లే. గడ్డ పిత్తనాళాన్ని నొక్కడం వల్లో, లివర్ దెబ్బతినడం వల్లో వచ్చిన కామెర్లు తగ్గవు. పసరు, పథ్యం పేరుతో పోయే నెల రోజుల్లో ఎ తరగతి లివర్ బి అవ్వొచ్చు. కొన్ని ఆకుమందులు వాటికవే లివర్‌ని దెబ్బతీస్తాయి కూడా. రొట్టెల పండక్కి నెల్లూరు వచ్చి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకోండి, దానివల్ల బిలిరుబిన్ పెరగదు. పసరు సంగతి అలా కాదు.

టేస్ చేశాక జ్వరం వచ్చింది, పొట్ట నొప్పి. ఏదో తేడా చేశారా?

ఎక్కువసార్లు కాదు. గడ్డ చచ్చేటప్పుడు జ్వరం, కుడివైపు నొప్పి, వాంతులు, నీరసం రావడం మామూలే. కొన్ని రోజుల్లో, మహా అయితే వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. వణుకుతో కూడిన ఎక్కువ జ్వరం తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, నల్లగా విరోచనం అయినా, మాట తడబడినా ఆగొద్దు. గతంలో పిత్తనాళానికి స్టెంట్ వేసినవాళ్లలో లివర్‌లో చీము పట్టే ప్రమాదం ఎక్కువ, వాళ్లు మరీ జాగ్రత్త.

ఇంటి దగ్గర నొప్పికి మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక బిళ్ల వేసుకోవద్దు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ రకాలు సిరోసిస్ ఉన్నవాళ్ల కిడ్నీలకి చేటు. పారాసిటమాల్ కూడా డాక్టరు రాసిన మోతాదే.

నెల తర్వాత స్కాన్ తీస్తే గడ్డ సైజు అంతే ఉంది. డబ్బులు పోయినట్టేనా?

నా పనిలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చచ్చిన గడ్డ వెంటనే మాయమవదు. అక్కడే పడి ఉంటుంది, నెమ్మదిగా కుంచించుకుంటుంది. కాల్చిన చోటు మొదటి స్కాన్‌లో అసలు గడ్డ కంటే పెద్దదిగా కనిపించాలి కూడా, ఎందుకంటే చుట్టూ మంచి కండని కలిపే కాల్చారు. అక్కడ చిన్నదిగా కనిపిస్తేనే అనుమానించాలి.

మరి చూడాల్సింది ఏంటి? డై ఎక్కించిన వెంటనే ధమని దశలో గడ్డ మెరుస్తోందా లేదా. మెరిసే భాగంలోకి రక్తం వెళ్తోంది, అది బతికుంది. మెరవని భాగం చచ్చింది. 2010లో వచ్చిన ఎంరెసిస్ట్ అనే కొలత పద్ధతి సరిగ్గా ఇదే చేస్తుంది: మొత్తం గడ్డని కాదు, మెరిసే భాగాన్నే కొలుస్తుంది. ఐదు సెంటీమీటర్ల గడ్డలో ఒక సెంటీమీటరు అంచు మాత్రమే మెరుస్తుంటే, పాత లెక్కలో "మార్పు లేదు", కొత్త లెక్కలో "బాగా తగ్గింది".

టేస్ తర్వాత ఇంకో చిక్కు. సీటీలో లిపియోడాల్ తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది, దాని వెనక బతికున్న ముక్క దాక్కోవచ్చు. అందుకే అనుమానం ఉంటే ఎంఆర్ఐ అడుగుతారు. వై-90 అయితే ఫలితం తేలడానికి నెలలు పడుతుంది. కాబట్టి రిపోర్టులో సైజు ఒక్కటే చూసి ఏడవొద్దు, సంబరపడొద్దు. "ధమని దశలో ఏమైనా మెరుస్తోందా సార్" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న వేసే కుటుంబంతో డాక్టరు మాట్లాడే తీరే మారిపోతుంది.

పూర్తిగా నయమవుతుందా, సూటిగా చెప్పండి.

చిన్న గడ్డని కాల్చినప్పుడు నయం చేయాలన్నదే ఉద్దేశం, చాలామందిలో ఆ గడ్డ పూర్తిగా పోతుంది. టేస్ ఎక్కువగా అదుపు చేసే వైద్యం. రెండిట్లోనూ లివర్ జబ్బు అలాగే ఉంటుంది కాబట్టి వేరే చోట కొత్త గడ్డ రావచ్చు. ఆపరేషన్ చేసినా, కాల్చినా ఐదేళ్లలో దాదాపు 70 శాతం మందికి మళ్లీ వస్తుందని లెక్కలు. అందుకే మూడు నాలుగు నెలలకొకసారి స్కాన్ తప్పదు.

ఇవి పనిచేస్తాయని రుజువు ఉందా, లేక డాక్టర్ల నమ్మకమేనా?

చాలా ఏళ్లు నమ్మకమే. టేస్‌ని జపాన్‌లో 1970ల చివరి నుంచే చేస్తున్నా, దానివల్ల మనిషి ఎక్కువ కాలం బతుకుతాడని గట్టిగా తేలింది 2002లో. బార్సిలోనా అధ్యయనంలో రెండేళ్లకి టేస్ చేసినవాళ్లలో 63 శాతం, చేయనివాళ్లలో 27 శాతం బతికున్నారు. హాంకాంగ్ అధ్యయనంలో 31, 11. రెండిట్లోనూ మేలు కనిపించింది, కానీ అంకెలు ఎంత దూరంగా ఉన్నాయో చూడండి. ఒకే వైద్యం, రోగులు వేరు. పక్కింటాయన ఎన్నేళ్లు బతికాడన్న లెక్క మీకు పనికిరాదని ఇందుకే అంటాను.

వై-90 కథ ఇంకా నేర్పుతుంది. 2017లో ఫ్రాన్స్‌లో, 2018లో ఆసియా-పసిఫిక్ దేశాల్లో ముదిరిన జబ్బుకి సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్రతో దీన్ని పోల్చారు. ఆయుష్షులో తేడా తేలలేదు, దుష్ప్రభావాలు మాత్రం తక్కువ. ఇక దీని పని అయిపోయిందనుకున్నారు. 2021లో ఫ్రాన్స్ నుంచే డోసీస్ఫియర్ అనే 60 మంది చిన్న అధ్యయనం వచ్చింది. అందరికీ ఒకే లెక్కన కాకుండా, ఒక్కో గడ్డకి ఎంత రేడియేషన్ చేరాలో, మంచి లివర్‌కి ఎంత మించకూడదో విడిగా కట్టి ఇస్తే సగటు ఆయుష్షు 10.7 నెలల నుంచి 26.6 నెలలకి పెరిగింది. వాడింది అదే రేణువు. మారింది లెక్క. నాకు ఈ రంగం మీద ఇష్టం పుట్టించింది ఇలాంటివే.

ఇమ్యునోథెరపీ వచ్చాక ఇవన్నీ పాతబడినట్టేనా?

లేదు. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఆ మందులూ, ఇవీ కలిసి నడుస్తున్నాయి. 2020లో అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జోడీ సొరాఫెనిబ్ కంటే మెరుగని తేలింది; ముదిరిన దశకి ఇప్పుడు ముందు వరుసలో ఉన్నవాటిలో అదొకటి. టేస్‌తో పాటు ఇలాంటి మందులు కలిపిన రెండు పెద్ద అధ్యయనాలు 2025లో అచ్చయ్యాయి. ఒకదాంట్లో జబ్బు పెరగకుండా ఆగిన కాలం 8.2 నుంచి 15 నెలలకి, రెండోదాంట్లో 10 నుంచి 14.6 నెలలకి పెరిగింది. జబ్బు ఆగడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు. మొదటిది చూపించి రెండోది అమ్మేవాళ్లుంటారు, జాగ్రత్త. పైగా ఖర్చూ, దుష్ప్రభావాలూ ఎక్కువ.

ట్రయల్‌లో చేరమన్నారు. మా మీద ప్రయోగాలా?

భయపడటంలో తప్పు లేదు, అడగాల్సినవి అడగండి. దేశంలో ఏ క్లినికల్ ట్రయల్ అయినా ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు కావాలి. ఆ నంబరు అడిగి తీసుకోండి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. సమ్మతి పత్రం మీకు వచ్చిన భాషలో ఉండాలి. తెలుగు పత్రం ఇవ్వండని అడగడం మీ హక్కు. చదువు రానివాళ్లకైతే, ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. 2019 నిబంధనల ప్రకారం కొత్త మందు ట్రయల్‌లో నష్టం జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

ఎవరికి ఏ వైద్యం అన్నది కంప్యూటర్ చీటీ తీసినట్టు నిర్ణయిస్తుంది. "తెలిసినవాళ్లం కదా, మంచిదే వేయించు" అని నన్ను అడుగుతారు. ఏది మంచిదో తెలిస్తే ట్రయల్ ఎందుకు పెడతాం?

మా నాయనకి క్యాన్సర్ అని చెప్పలేదు. లివర్‌లో పుండు అన్నాం. మీరూ చెప్పొద్దు.

మనసు అర్థమవుతుంది. వైద్యం విషయంలో ఆ మాట మీ డాక్టరుతో తేల్చుకోండి, నా సలహా చెప్పమనే. చాలామంది పెద్దాళ్లకి ముందే తెలిసిపోయి, పిల్లలు బాధపడతారని వాళ్లే నటిస్తుంటారు. ట్రయల్ అయితే మాత్రం బేరం లేదు. సంతకం పెట్టేది ఆయన, జబ్బు పేరు తెలియకుండా సంతకం తీసుకోలేం.

షుగరు ఉంది, కిడ్నీ కూడా కాస్త అనుమానం. డై ఎక్కించవచ్చా?

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూశాకే. కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు కొత్త సంగతి కాదు, ఆ వైపు వాళ్లు ఈ పరీక్ష పాత రిపోర్టుతో సరిపెట్టొద్దు. మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే, రక్తం పలచనయ్యే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరు చెబుతారు, మీరే ఆపొద్దు. గతంలో డైకి దద్దుర్లు వచ్చి ఉంటే అదీ చెప్పండి.

పథ్యం ఏమైనా ఉందా? చేపల పులుసు పెట్టొచ్చా?

పెట్టండి. సిరోసిస్ ఉన్నవాళ్లకి కండ కరిగిపోవడం పెద్ద సమస్య, ప్రొటీన్ కావాలి. గంజి, ఇడ్లీలతో నెలలు లాగితే మనిషి మంచానికి అంటుకుంటాడు. గుడ్డు, పప్పు, చేప, పెరుగు అన్నీ తినొచ్చు. పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించాలి, అంటే ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు పక్కన పెట్టాల్సిందే. నెల్లూరు పులుసులో ఉప్పు తగ్గిస్తే ఏం మిగులుతుందని ఒకాయన అడిగారు. మామిడికాయ మిగులుతుందన్నాను. సముద్రపు చేపలు, రొయ్యలు సగం ఉడికినవి మాత్రం వద్దు, లివర్ పాడైనవాళ్లకి వాటిలోని ఒక రకం బ్యాక్టీరియా ప్రాణాంతకం. రాత్రి పడుకునే ముందు ఏదైనా కొంచెం తినడం మంచిది.

లివర్ మార్పిడి?

ఒకే గడ్డ ఐదు సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల దాకా ఒక్కోటి మూడు సెంటీమీటర్ల లోపు ఉంటే మార్పిడి ఆలోచించవచ్చని 1996లో మిలాన్ డాక్టర్లు తేల్చారు. గడ్డతో పాటు సిరోసిస్ కూడా పోయేది ఇందులోనే. దాత దొరికేదాకా గడ్డ పెరగకుండా ఆపడానికి టేస్, కాల్చడం వాడతారు. మరణించినవారి అవయవాల కోసం రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకంలో పేరు నమోదు చేయించాలి.

ఖర్చుకి ప్రభుత్వ పథకం వస్తుందా?

2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైనదే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. "క్యాన్సర్‌కి వస్తుందా" అని అడిగితే అందరూ వస్తుందనే అంటారు. మీకు రాసిన వైద్యం పేరు చెప్పి, ఆ ఆసుపత్రిలో ఆ వైద్యానికే అనుమతి ఉందా అని పథకం కౌంటర్‌లో అడగండి. అనుమతి వైద్యానికి ముందు రావాలి. వై-90 లాంటి ఖరీదైనవాటికి ఆశ పెట్టుకోకుండా ముందే తేల్చుకోండి. బిల్లులు, డిశ్చార్జ్ కాగితాలు ఒరిజినల్స్ దాచండి, సీఎం సహాయనిధికి అవే ఆధారం.

ఎక్కడికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి?

నెల్లూరు వాళ్లు చెన్నైకో తిరుపతికో, ఒంగోలు వాళ్లు గుంటూరు, విజయవాడలకో పోవడం అలవాటు. పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో ఫైళ్లు పట్టుకుని కూర్చున్నవాళ్లని ఎన్నోసార్లు చూశాను. ఊరి పేరు కంటే ముఖ్యం, అక్కడ లివర్ డాక్టరు, సర్జన్, ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు), ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు కలిసి కూర్చుని కేసు చూస్తారా అన్నది. దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు.

స్కాన్ సీడీ తీసుకెళ్లండి. ఫిల్ములో అన్ని బొమ్మలూ ఉండవు, వాట్సాప్ ఫోటో మీద ఎవరూ ఏమీ చెప్పలేరు. సీటీ మూడు దశల్లో తీసిందో లేదో ముందే చూసుకోండి. మామూలు సీటీ అయితే చెన్నైలో మళ్లీ తీస్తారు, డబ్బూ డైయ్యూ రెండుసార్లు. హెపటైటిస్ బి, సి, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ అనుమానం ఉంటే చేసే రక్తపరీక్ష), ఐఎన్ఆర్, ఆల్బుమిన్ రిపోర్టులు, ఎండోస్కోపీ చేసి ఉంటే అదీ, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు. ఎన్నేళ్లు ఎంత తాగారన్నది నిజం చెప్పండి. భార్యాపిల్లల ముందు చెప్పలేకపోతే వాళ్లని బయటికి పంపి చెప్పండి.

ఇంట్లో మిగతావాళ్లు పరీక్ష చేయించుకోవాలా?

రోగికి హెపటైటిస్ బి ఉంటే భార్య లేదా భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ. లేనివాళ్లు టీకా వేయించుకోవాలి. ఉన్నవాళ్లకి 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద మందులు ఉచితం. పుట్టిన బిడ్డకి 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి, ఇంట్లో కాన్పు అయితే ఇదే తప్పిపోతుంది. సిరోసిస్ ఉందని తేలిన ఎవరికైనా ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ తీయించాలి. నొప్పి వచ్చాక కాదు. నొప్పి వచ్చేసరికి గడ్డ కాల్చే సైజు దాటి ఉంటుంది.

వైద్యం చెన్నైలో అయింది. తర్వాతి స్కాన్లు నెల్లూరులోనో ఒంగోలులోనో తీయించుకోవచ్చా?

తీయించుకోవచ్చు, మూడు షరతులు. మూడు దశల పద్ధతిలోనే తీయాలి. పోయినసారి సీటీ అయితే ఈసారీ సీటీ, ఎంఆర్ఐ అయితే ఎంఆర్ఐ, లేకపోతే పోల్చడం కుదరదు. పాత సీడీ స్కానింగ్ సెంటర్‌లో ఇచ్చి, ఎప్పుడు ఏ వైద్యం చేశారో కాగితం చూపించాలి. అది చెప్పకపోతే కాల్చిన మచ్చని కొత్త గడ్డ అని రాసే ప్రమాదం ఉంది, లిపియోడాల్‌ని కాల్షియం అనీ రాస్తారు. రిపోర్టు వచ్చాక సీడీని వైద్యం చేసిన డాక్టరుకి పంపి, ఆయన చూశాకే తర్వాతి తారీఖు వేయించుకోండి.